అమ్మాజీకి, లారీ లైట్ల ఫోకస్ గురించి

సిమిలిగుడ

అమ్మాజీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. నీ ఐటీఐ పరీక్షలు అయిపోయాయట, మీ నాన్న పాత టాటా బండికి హెడ్‌లైట్ల ఫోకస్ నువ్వే సరిచేస్తానని కూర్చున్నావట. "ఆడపిల్లకి ఆ తుప్పు పని ఎందుకు బావగారూ, మీరైనా చెప్పండి" అంది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో మాత్రం, మన ఇంట్లో ఈ పని పట్టుకునే మనిషి మళ్ళీ పుట్టిందే అని మురిసిపోయాను. రాత్రికి ఆ మురిపెం పోయి టెన్షన్ మిగిలింది. ఆ బండి తిరిగేది జయపురం వీధుల్లో కాదు కదా, సుంకి ఘాటీ, ఆ కొండదారి దిగి సాలూరు వెళ్ళి రావాలి.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బ్యాటరీ వైరు తీసెయ్. కళ్ళద్దాలు పెట్టుకో. హాలోజెన్ బల్బు గాజును వేళ్ళతో ముట్టుకోకు. బల్బు వెనక గిన్నెలాంటి డూము లోపలి వెండిపూతను గుడ్డతో తుడవకు, పోయిన మెరుపు మళ్ళీ రాదు.

గుండ్రటి ఏడంగుళాల లైటుకు రింగు స్క్రూలు వేరు, ఫోకస్ స్క్రూలు వేరు. తెలియనివాళ్ళు రింగువి విప్పేస్తారు, లైటు ఊడి చేతిలోకి వచ్చాక బిక్కమొహం వేస్తారు. ఫోకస్‌వి రెండే. చాలా బళ్ళలో పైనున్న స్క్రూ వెలుగును కిందికీ మీదికీ, పక్కనున్నది కుడికీ ఎడమకీ జరుపుతుంది. వాటికి ఎదురుగా ఒక స్ప్రింగు డూమును లాగి పట్టుకుంటుంది. స్క్రూ వెనక చివర ఒక నట్టు ఉంటుంది. అది ఇనుమా, నైలానా? చెయ్యి పెట్టకముందే టార్చి వేసి చూడు. మిగతా పనంతా దాన్ని బట్టే.

ఇనుమైతే వైరు బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్. మన పక్క వానలకి చక్రాల మీంచి లేచిన ఎర్రబురద మరల్లో చేరి ఎండి రాయిలా ఉంటుంది, ఒక్క రాత్రికి లొంగకపోవచ్చు. మర్నాడు మళ్ళీ కొట్టు. చిన్న సుత్తితో స్క్రూ తల మీద మెల్లగా తట్టు. ముందు విప్పబోకు, వెంట్రుకవాసి బిగించు. కదిలిందా, అప్పుడు విప్పు, మళ్ళీ కాస్త బిగించు, మళ్ళీ విప్పు. అప్పటికీ రాకపోతే నూనె శుభ్రంగా తుడిచేసి, సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద ఆనించి వేడెక్కించు. గ్యాస్ మంట వద్దే వద్దు, వెనకాలే వైర్లుంటాయి. స్క్రూడ్రైవర్ తలలో నిండుగా కూర్చునేదే పట్టుకో. జారుతుంటే మొనకు కొంచెం వాల్వు గ్రైండింగ్ పేస్టు రాయి, పట్టు దొరుకుతుంది.

నైలాన్ నట్టైతే వేడి చూపించకు, పెట్రోలూ థిన్నరూ దగ్గరికి రానివ్వకు. మరలు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టి, నట్టును వెనకనుంచి పట్టుకుని తిప్పు. తిరగకపోతే పగలగొట్టి కొత్తది వెయ్, అంతే. దానితో కుస్తీ పడ్డవాళ్ళ కథ ఒకటుంది. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

అప్పుడు వాడికి ఇంచుమించు నీ వయసు, నా షెడ్డులోనే పని. నేను ఊళ్ళో లేని రోజు సాయంత్రం ఒక బండి వచ్చింది, సిమెంటు లోడు. కుడిపక్క లైటు మరీ కిందికి పడుతోందని కంప్లైంటు. పైస్క్రూ బిగుసుకుపోయి ఉంది. ఓనరేమో ముందు నించుని తొందరపెడుతున్నాడు. మీ నాన్న ప్లయరుతో పట్టి ఒక్క తిప్పు తిప్పాడు, నైలాన్ నట్టు ముక్కలైపోయింది. కొత్త నట్టు షెడ్డులో లేదు. బజారు మూసేశారు. అప్పుడు వీడు చేసిన తెలివైన పని ఏమిటంటే, డూము కింద సైకిల్ ట్యూబు ముక్క మడిచి పెట్టి, దాని మీద చెక్కముక్క దిగేసి, లైటును కావలసిన ఎత్తుకి నిలబెట్టాడు. గోడ మీద వేసి చూశాడు. బ్రహ్మాండంగా ఉంది. ఓనరు యాభై రూపాయలు ఎక్కువిచ్చి మరీ వెళ్ళాడు.

నించున్న బండికి చెక్కముక్క సరిపోతుందమ్మా. పొట్టంగి దాటి ఘాటీలో దిగుతుంటే ఆ కుదుపులకి చెక్క లోపలికి జారింది, డూము మొహం ఆకాశానికి తిరిగింది. డ్రైవరు డిప్పులోనే, అంటే వెలుగు కిందికే వేసి ఉన్నాననుకుంటున్నాడు. మలుపులో కిందినుంచి ఎక్కుతున్న లారీ అతనికి ఆ వెలుగు సూటిగా కళ్ళల్లో పడింది. రోడ్డు కనబడక కొండవైపుకి కోసేశాడు, ముందు చక్రం కాలువలోకి దిగింది, బంపరు రాతికి గుద్దుకుంది. క్లీనరు నుదురు చిట్లింది. అంతటితో పోయింది. లోయవైపుకి కోసి ఉంటే ఈ ఉత్తరం నేను ఇంకోలా రాయాలి.

నాలుగు రోజులకి ఆ లారీ డ్రైవరు వెతుక్కుంటూ షెడ్డుకొచ్చాడు. ఈ లైటు కట్టింది ఎవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మీ నాన్న ముందుకెళ్ళి "నేనే" అన్నాడు. వాడి చెంప పగలగొడదామనుకున్నవాణ్ణి, ఆ మాట విన్నాక చెయ్యి లేవలేదు. బంపరు ఖర్చు వాడి జీతంలోంచే కట్టాడు, ఎవరూ అడక్కుండానే. ఇప్పటికీ బండి ఎక్కేముందు రెండు లైట్లనీ అరచేత్తో నొక్కి చూస్తాడు, గమనించావా? దండం పెట్టుకుంటున్నాడనుకుని ఉంటావు. ఈ సంగతి నేను చెప్పానని వాడితో అనకు, ఏడిపించకు కూడా.

అందుకని, స్ప్రింగు వదులైనా, నట్టు పగిలినా, కొత్తది దొరికేదాకా బండి కదలకూడదు. మీ నాన్న కిరాయి పోతుందని గొడవ చేస్తాడు. చెయ్యనీ.

ఇక ఫోకస్. టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టు. లైటు మధ్యభాగం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద సుద్దగీత గియ్యి. డిప్పు వెలుగు పైఅంచు ఆ గీతకి 3 అంగుళాలు కింద పడాలి. అంచు ఎడమపక్కకి కొంచెం పైకి లేస్తే కంగారుపడకు, మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి అద్దాన్ని అలాగే చేస్తారు. కుడికి లేస్తే మాత్రం ఎవరో వేరే దేశపు అద్దం బిగించారన్నమాట, తీసి పారెయ్. ఏ స్క్రూ ఎటు తిప్పితే ఎటు పోతుందో బండిని బట్టి ఉంటుంది, గోడే చెబుతుంది. చివరి తిప్పు ఎప్పుడూ బిగించే వైపే ఉండాలి, అప్పుడే మరలో ఆట మిగలదు.

ఇదంతా లోడు మీద చెయ్యి. ఖాళీ బండికి సెట్ చేసి ఆనక 10 టన్నులు ఎక్కిస్తే వెనక కమాన్ పట్టీలు కుంగి ముక్కు లేస్తుంది, నీ 3 అంగుళాలు గాలికిపోతాయి. షెడ్డుల్లో చాలామంది దీన్ని పట్టించుకోరు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఎదుటివాడి కళ్ళల్లో కొట్టే వెలుగు గురించే. లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, నేలకి మీటరున్నర ఎత్తులో కళ్ళున్న మనిషికి వెలుగు కొట్టకూడదు. మన ఘాటీలో ఆ కళ్ళు ఎదురొచ్చే బైకువాడివి, జీపువాడివి. లైటు మధ్యలో నల్లబొట్టు పెడితే చాలనుకునేవాళ్ళ మాట వినకు. వంకరగా ఉన్న లైటు బొట్టు పెట్టినా వంకరే.

చలికాలం మంచు దిగాక కోరాపుట్ రోడ్డులో హైబీమ్ వెయ్యొద్దని మీ నాన్నకి నువ్వే చెప్పు. వెలుగంతా మంచుకి తగిలి వెనక్కొచ్చి నడిపేవాడి కళ్ళల్లోనే పడుతుంది. నా మాట వాడు ఎప్పుడూ వినలేదు, నీ మాట వింటాడు.

నా పాత డబ్బాలో నైలాన్ నట్లూ, రెండు జతల స్ప్రింగులూ ఉన్నాయి. సోమవారం పొద్దుటి జయపురం బస్సులో కండక్టరుకిచ్చి పంపుతాను, స్టాండులో తీసుకో. స్ప్రింగుల్లో పొట్టివి నీ బండికి రావు, పొడుగువి వెయ్. పొట్టివి దాచు.

మీ పెదనాన్న