ఎన్.పి.వి. ద్రావణం: పురుగు కణాలను సీసాలో పెంచవచ్చా?

ప్రశ్న: శనగపచ్చ పురుగుపై పిచికారీకి మా సంఘంలో ఎన్.పి.వి. (పురుగులకు జబ్బు చేసి చంపే న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్) ద్రావణం చేసుకుంటున్నాం. పురుగులు ఒకదాన్నొకటి తినేసి సగం కూడా మిగలడం లేదు. ప్రయోగశాలల్లో పురుగు కణాలనే సీసాల్లో పెంచి వైరస్ తీస్తారట. వాటికి మేత ఏం పెట్టాలి? మేం చేయగలమా?
– రైతు, నంద్యాల జిల్లా

జవాబు: తీస్తారు. కత్తెర పురుగు ప్యూపా అండాశయం నుంచి వచ్చిన ఎస్.ఎఫ్.9 కణాలు అందరూ వాడేవి. 27 డిగ్రీల దగ్గర పెరుగుతాయి, కార్బన్ డయాక్సైడ్ కూడా అక్కర్లేదు. అయితే మీ వైరస్ వాటిలో సరిగా పెరగదు, హెలికోవెర్పా (శనగపచ్చ పురుగు) జాతి కణాలే కావాలి.

అసలు చిక్కు మేతలో ఉంది. పురుగు ఆకును అరిగించుకుంటుంది. సీసాలోని కణానికి పొట్ట లేదు కాబట్టి అరిగిన సరుకే అందించాలి. కణాలకు మేతగా వాడే 1962 నాటి గ్రేస్ ద్రావణానికి పట్టుపురుగు రక్తమే నమూనా: అమైనో ఆమ్లాలు, చక్కెరలు, బి విటమిన్లు, సోడియం కన్నా పొటాషియం ఎక్కువున్న లవణాలు, ఉదజని సూచిక (పి.హెచ్.) 6.2. పైన లీటరుకు 3.33 గ్రాముల చొప్పున ఈస్టు సారం, పాల ప్రొటీను జలవిశ్లేషితం (ముక్కలుగా విడగొట్టిన పాల ప్రొటీను), 10 శాతం దూడపిండ సీరం (పుట్టని దూడ రక్తపు సీరం). కీటకాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా చేసుకోలేవు, అది సీరం నుంచే అందాలి. సీరం మానేస్తే కొలెస్ట్రాల్‌ను విడిగా కలపాలి. నిల్వలో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం విరిగి అమ్మోనియా పేరుకుంటుంది. ఇంత బలమైన మేతలో ఒక్క బ్యాక్టీరియా పడినా తెల్లారేసరికి సీసా మబ్బుగా మారుతుంది. వైరస్‌ను సీసా నుంచి సీసాకు మారుస్తూ పోతే పాలిహెడ్రాలు (వైరస్‌ను పొదిగి ఉంచే ప్రొటీను గుళికలు) తక్కువ కట్టే రకాలు పైచేయి సాధిస్తాయి. ఆకు మీద వైరస్‌ను కాపాడేవి ఆ పాలిహెడ్రాలే.

కాబట్టి సీసాల పద్ధతి మీకు కుదరదు. పురుగులనే పెంచండి, మేత మార్చండి. 780 మి.లీ. నీటికి శనగపిండి 105 గ్రాములు, ఈస్టు 10, విటమిన్ సి 3.25, మిథైల్ పారాబెన్ 2, సోర్బిక్ ఆమ్లం 1, అగర్ 12.75 గ్రాములు, మల్టీవిటమిన్ క్యాప్సూళ్లు రెండు. అగర్‌ను సగం నీటిలో విడిగా మరిగించి కలపాలి. విటమిన్లు మాత్రం మిశ్రమం 60 డిగ్రీలకు దిగాకే వేయాలి, మరిగేటప్పుడు వేస్తే విటమిన్ సి పాడవుతుంది. మామూలు పెంపకం మేతలో ఫార్మాలిన్ వాడతారు. వైరస్ పెట్టే మేతలో వద్దు, వైరస్ చచ్చిపోతుంది.

గిన్నెకు ఒక్క పురుగే. అయిదో దశ మొదట్లో పురుగుకు 5 లక్షల పాలిహెడ్రాలున్న 10 మైక్రోలీటర్ల ద్రావణాన్ని మొద్దు గాజుకడ్డీతో మేతపై పూయండి. ఇంకా చిన్న పురుగులకు పెడితే ఒళ్లు చేయకముందే చస్తాయి, దిగుబడి ఉండదు. గది 26 డిగ్రీలు దాటనివ్వకండి. అయిదో రోజు నుంచి రోజూ చూసి, మెత్తబడి వేలాడే పురుగులను చర్మం చిట్లకముందే ఏరండి.