ఆయన అడుగు పడింది ‘సరిగ్గా ఇక్కడే’నా?

ప్రశ్న: చైనా బౌద్ధ యాత్రికుడు హ్యుయెన్‌త్సాంగ్ నడిచిన దారి అంటూ ఒక డాక్యుమెంటరీ చూశాం. యాంకర్ అమరావతి స్తూపం దిబ్బ మీద నిలబడి, ‘ఆ యాత్రికుడు సరిగ్గా ఇక్కడే అడుగుపెట్టాడు’ అన్నాడు. ఎలా తెలుస్తుందండీ? నమ్మొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘సరిగ్గా ఇక్కడే’ అని వినబడితే చాలు, నా చెయ్యి రిమోట్ మీదికి పోతుందమ్మా!

ఆయన ధాన్యకటక రాజ్యానికి, అంటే ఈ అమరావతి ఉన్న ప్రాంతానికి, వచ్చింది నిజమే. ఏడో శతాబ్దంలో. కొన్నాళ్లుండి, ఇక్కడి భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మం, అంటే తత్త్వశాస్త్రం, చదువుకున్నాడు కూడా. చిక్కల్లా దారి దగ్గరే. ఫలానా దిక్కుగా ఇన్ని వందల ‘లీ’లు వెళ్లాను అని తన యాత్రా పుస్తకంలో రాస్తాడు. లీ అంటే చైనావాళ్ల దూరం కొలత, మన ఆమడ లాంటిదే, పట్టుకుని లాగితే సాగుతుంది. ఆ లెక్కలు ముందు పెట్టుకునే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హాం బీహార్‌లో బడ్‌గావ్ దిబ్బలే నలందా అని తేల్చాడు. కెమెరా లేదన్న మాటే గానీ, ఈ అడుగుజాడల కార్యక్రమాలకు నా లెక్కలో ఆయనే పెద్ద.

అదే పుస్తకం మన గడ్డ మీద తగువు పెట్టింది. ధాన్యకటక రాజధాని అమరావతి పక్కనున్న ధరణికోట అని కన్నింగ్‌హాం, కాదు బెజవాడ అని వాస్తుకళా చరిత్రకారుడు ఫెర్గూసన్. ఊరికి తూర్పున పూర్వశిల, పడమట అవరశిల, రెండు విహారాలూ కొండలను ఆనుకుని ఉన్నాయని ఉంది మరి. బెజవాడలో కొండలకేం కొదవ! ఇప్పుడు ఎక్కువమంది ధరణికోట వైపే. అంతమాత్రాన యాంకర్ గారి బూట్ల కింద చోటు ఖాయమైపోదు.

ఇంకో సంగతి. ఇలాంటి వాటిలో కాషాయం కట్టిన జనం, వెనక వేణువు తప్పవు. హ్యుయెన్‌త్సాంగ్ రాసిందేమో, ఇక్కడి సంఘారామాలు, అంటే భిక్షువుల మఠాలు, చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై దాకా మిగిలాయని, వెయ్యిమంది భిక్షువులున్నారని. ఆయన చూసిందే సగం శిథిలం. దాన్ని చూపించడానికి జూనియర్ ఆర్టిస్టులెందుకు?

అఫ్గానిస్తాన్‌లోని బామియాన్‌లో ఆయన చూసిన బుద్ధ విగ్రహాలను 2001లో పేల్చేశారు. అక్కడికి వెళ్లిన కెమెరా ఆ ఖాళీ గూళ్ల మీద మాటల్లేకుండా ఒక నిమిషం ఆగితే, నేను రిమోట్ ముట్టను.

మొన్న మనవణ్ని అమరావతి తీసుకెళ్తే, ‘స్తూపం ఏది తాతా?’ అన్నాడు. దాని చెక్కడాలు కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నైలో ఉన్నాయి. మద్రాసు వెళ్లే పనిపడితే ఎగ్మోర్ మ్యూజియానికి ఒక పూట అట్టే పెట్టుకోండి.