ఒక్క లెక్కతో నాలుగు రోజులు కూర్చుంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. బండల పాలిష్ యూనిట్ నడుపుతున్నాను. మా పాప తొమ్మిదో తరగతి, లెక్కలంటే ప్రాణం. ఎక్కడో చూసిన ఒక లెక్క పట్టుకుని నాలుగు రోజులుగా హోంవర్క్ కూడా సరిగ్గా చేయడం లేదు. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గది. ఐమూలగా ఉన్న రెండు మూలల్లో అడుగు చదరం చొప్పున స్తంభాలు. మిగిలిన నేలంతా రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న బండలతో కోయకుండా పరచవచ్చా అని. "ఒక బండ కోస్తే అయిపాయె కదమ్మా" అన్నానని అలిగింది. యూనిట్ టెస్టులో సైన్స్, సోషల్ మార్కులు తగ్గాయి. ఒక ఫౌండేషన్ కోచింగ్ వాళ్లేమో రోజుకు అరవై లెక్కలు చేయిస్తాం, హాస్టల్లో చేర్చండి అంటున్నారు. ఇట్లాంటి లెక్కల వల్ల రేపు చదువుకో, ఉద్యోగానికో ఉపయోగం ఉందా సార్?

జవాబు: ఈ పేజీని పాపకు ఇప్పుడే చూపించకండి. ఆమె లెక్క గుట్టు ఇందులో ఉంది.

మీరన్నది మేస్త్రీ మాట. ఇల్లు కట్టేటప్పుడు అదే సరైన మాట కూడా. కానీ పాప అడుగుతున్నది వేరు. కోయకుండా కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు కుదరదు అని. మొత్తం 64 గళ్లు, స్తంభాలకు రెండు పోతే 62. ఒక్కో బండ రెండు గళ్లు మూస్తుంది కాబట్టి 31 బండలు చాలు. కాగితం మీద అంతా సరిపోయింది. పరచడానికి కూర్చుంటే మాత్రం ప్రతిసారీ చివర్లో ఎక్కడో రెండు గళ్లు విడివిడిగా మిగిలిపోతాయి. నాలుగు రోజులుగా ఆమెతో ఆడుకుంటున్నవి ఆ రెండు గళ్లే అయ్యుంటాయి.

ఆ గదికి చదరంగం బల్లలా ఒక గడి నలుపు, ఒక గడి తెలుపు వేసుకుని చూడండి. ఐమూలగా ఉన్న మూలలు రెండూ ఒకే రంగులో పడతాయి. అవి నల్లవనుకుంటే, వాటిని తీసేశాక మిగిలేవి 30 నల్లవి, 32 తెల్లవి. బండను అడ్డంగా వేసినా, నిలువుగా వేసినా అది ఒక నల్ల గడిని, ఒక తెల్ల గడిని మూస్తుంది. 31 బండలకు 31 నల్ల గళ్లు కావాలి. లేవు. ఎంత చేయి తిరిగిన పనివాడు వచ్చినా కుదరదు.

ఇందులో ఫార్ములా లేదు, పెద్ద గుణకారం కూడా లేదు. రంగు వేయాలన్న ఆలోచన రావడమే కష్టం. బడి పుస్తకంలో ఆ ఇబ్బంది ఉండదు. వర్గ సమీకరణాల పాఠం వెనక ఇచ్చిన లెక్కకు వర్గ సమీకరణమే వాడాలని చూడకుండానే చెప్పొచ్చు. దానికే పెద్ద సంఖ్యలు తగిలించి, నాలుగు మెట్లు పెంచి "కఠినమైన ప్రశ్న" అంటుంటారు. నా దృష్టిలో అది ఒట్టి చాకిరీ.

ఇంకొకటి చూడండి. ఒకటి నుంచి వంద దాకా సంఖ్యలన్నీ గుణిస్తే చివర ఎన్ని సున్నాలు వస్తాయి? నేను అడిగిన పిల్లల్లో చాలామంది 10, 20, 30 అని లెక్కపెట్టి 11 అంటారు. చివర సున్నా పుట్టాలంటే ఒక 2, ఒక 5 కలవాలని పట్టుకున్నవాళ్లు, 2లకు కొదవ లేదు కాబట్టి 5లే లెక్కపెట్టి 20 అంటారు. 25, 50, 75, 100లలో 5 రెండేసి సార్లు దాగి ఉందని ఇంకాసేపు ఆగినవాళ్లకు 24 వస్తుంది. ఆ ఆగడమే మీ పాపకు పుట్టుకతో అబ్బినట్టుంది. రోజుకు అరవై లెక్కల హాస్టల్లో మొదట పోయేది అదే.

ఆ కోచింగ్ వాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధమని అనను. జేఈఈ మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా లేవు. అక్కడ వేగం కావాల్సిందే. ఇంటర్‌లో రెండేళ్లు సాధన చేస్తే ఆ వేగం వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లను దానికోసం ఇల్లు విడిపించడం నాకు నచ్చదు. హాస్టల్ వద్దు.

అలాగని మిగతా సబ్జెక్టులు వదిలేయడం కూడా కుదరదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. అక్కడ సోషల్ మార్కు, లెక్కల మార్కు ఒక్కటే. కాబట్టి పాపతో ఒక ఒప్పందానికి రండి. మామూలు రోజుల్లో హోంవర్క్ అయ్యాక అరగంట, ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ లెక్కలకు. వారం దాటినా కదలకపోతే ఎవరినైనా అడగొచ్చు, అయితే జవాబు కాదు, ఒక చిన్న ఆధారం మాత్రమే అడగాలి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ లెక్కల లెక్చరర్ ఎవరైనా ఉంటే పరిచయం చేయండి. అట్లాంటి పిల్లలు వస్తే సంతోషించేవాళ్లు ఇంకా ఉన్నారు. కుదరని ప్రయత్నాలు కూడా ఒక నోట్‌బుక్‌లో రాయించండి. మా బడిలో నేను జ్యామితి లెక్కను వేరే దారిలో చేస్తే పేజీ అంతా అడ్డంగా కొట్టేశారు. జవాబు సరైనదే. ఆ తర్వాత చాలాకాలం సొంత దారి వెతకాలంటేనే భయపడ్డాను. ఆ నోట్‌బుక్‌కు ఎవరూ మార్కులు వేయకుండా చూడండి.

ఇక పరీక్షల సంగతి. బళ్లలో రుసుము కట్టించుకుని పతకాలు పంచే ప్రైవేటు ఒలింపియాడ్లు చాలా ఉన్నాయి, నేను చెప్పేది వాటి గురించి కాదు. దేశం తరఫున పిల్లలను ఎంపిక చేసే దారి గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు పరీక్ష ఐఓక్యూఎంతో మొదలవుతుంది. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వరకు రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రతి జవాబూ 0 నుంచి 99 వరకు ఉండే పూర్ణసంఖ్యే, నెగటివ్ మార్కులు లేవు. ఇది సాధారణంగా సెప్టెంబరు మొదట్లో ఉంటుంది కాబట్టి జులై, ఆగస్టుల్లో నోటిఫికేషన్ కనిపెట్టుకుని ఉండండి. దాన్ని దాటితే ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ, తర్వాత జనవరిలో జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ. ఆ రెండింటిలో ఆరేసి ప్రశ్నలు, ఎందుకు అన్నది పూర్తిగా రాయాలి. పాత ప్రశ్నపత్రాలు ముంబయిలోని హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సిలబస్‌లో కాలిక్యులస్ ఉండదు. సంఖ్యలు, జ్యామితి, బీజగణితం, లెక్కపెట్టే పద్ధతులు, అంతే. అమ్మాయిలకే ప్రత్యేకంగా ఈజీఎంఓ (యూరోపియన్ అమ్మాయిల గణిత ఒలింపియాడ్) అనే పోటీ 2012లో కేంబ్రిడ్జ్‌లో మొదలైంది. మన దేశం 2015 నుంచి జట్టును పంపుతోంది.

పాప దేశం జట్టులో ఉంటుందని నేను ఆశ పెట్టను. వడపోత చాలా గట్టిది. మొదటి మెట్టు దాటకపోయినా ఈ అలవాటుకు గిరాకీ ఉంది. ఇంటర్ తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలో ఒక పేపరంతా వివరంగా రాసే లెక్కలే. అక్కడి లెక్కల డిగ్రీ బీమాథ్ బెంగళూరులో, మీకు రైల్లో ఒక రాత్రి కూడా పట్టదు. గణాంకశాస్త్ర డిగ్రీ బీస్టాట్ కలకత్తాలో. ఫీజు నామమాత్రం, పైగా స్టైపెండ్ ఇస్తారు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ చదువు కూడా అదే కోవలోది. అక్కడ చదివినవాళ్లు పరిశోధనకు వెళ్తారు, బ్యాంకులు, బీమా, డేటా, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోకీ వెళ్తారు. ఇంజినీరింగే కావాలన్నా దారి మూసుకుపోదు. ఐఐటీ మద్రాస్, ఐఐటీ కాన్పూర్ 2025 నుంచి ఒలింపియాడ్‌లో పైమెట్లు ఎక్కినవాళ్లకు విడిగా కొన్ని సీట్లు ఇస్తున్నాయి.

అలక తీర్చే మార్గం మీ యూనిట్‌లోనే ఉంది. మిగిలిన తుక్కు ముక్కల్లోంచి రెండంగుళాలు, అంగుళం కొలతతో 31 చిన్న పలకలు కోయించి, అంచులు నున్నగా చేయించి ఇవ్వండి. అట్టమీద అంగుళం గళ్లు గీసుకుని ఆమే పరుచుకుంటుంది. రంగుల సంగతి తనే కనిపెట్టేదాకా నోరు విప్పకండి. కనిపెట్టాక ఇది అడగండి: స్తంభాలను మూలల్లో కాకుండా ఒకటి ఏదో ఒక నల్ల గడిలో, ఒకటి ఏదో ఒక తెల్ల గడిలో, మనకు తోచిన చోట నిలబెడితే, ఎక్కడ నిలబెట్టినా మిగతా గదిని పరచవచ్చా? ఈసారి నాలుగు రోజులు చాలవు.