మూడో గడి దగ్గర ఆగు

అమ్మాయీ, ఆశీస్సులు.

పొందూరు వైపు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి అలంకారాలు మొదలుపెడుతున్నానని రాశావు. మొదటి మూడు పీరియడ్లూ బోర్డు మీద అలంకారం పేరు గానీ లక్షణం గానీ రాయకు. రాశావా, పిల్లలు దాన్ని బట్టీపట్టి, పరీక్షలో ఆ ముఖాన్నీ ఆ చంద్రబింబాన్నే అప్పజెప్తారు.

ముందు వాళ్ల నోటిమాటనే బోర్డెక్కించు. మన గుంటలు, అదే మన పిల్లలు, పోలిక లేకుండా తిట్టుకోను కూడా తిట్టుకోరు. "ఆడి బుర్ర జీడిపిక్కనాగ గట్టిది" అని ఒకడు అన్నాడనుకో, యాస దిద్దకు. మనవైపు ‘లాగ’ కాస్తా ‘నాగ’ అయింది, అంతే. ఆ వాక్యాన్ని నాలుగు గళ్లలో పెట్టించు. దేన్ని పోల్చాం: బుర్ర, అది ఉపమేయం. దేనితో పోల్చాం: జీడిపిక్క, ఉపమానం. ఏ గుణంలో: గట్టిదనం, సమాన ధర్మం. ఏ మాటతో: ‘నాగ’, ఉపమావాచకం. ఇలా పోల్చి చెప్పడమే ఉపమ. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ.

మొదటి రెండు గళ్లూ తారుమారు చేసేవాళ్లు ఉంటారు. వాక్యంలో ముందొచ్చిందే ఉపమేయం అనుకుంటారు. "మల్లెపువ్వులా తెల్లగా ఉంది చొక్కా" అని తిప్పి ఇచ్చి, "అసలు మాట దేని గురించిరా?" అని అడుగు, సర్దుకుంటారు.

నువ్వు ఎక్కువసేపు ఆగాల్సింది మూడో గడి దగ్గర. ‘లాగా’ కంటపడగానే ఉపమ అనేస్తారు పిల్లలు. అందుకే పది వాక్యాలిస్తే అందులో నాలుగు దొంగవాక్యాలు కలుపు: "నిన్నటిలాగే ఇవాళా వాన పడింది", "చెప్పినట్లు రాయి" వంటివి. లుప్తోపమలో మూడో గడి ఖాళీగా ఉన్నా పిల్లాడు ఆలోచించి నింపగలడు. దొంగవాక్యంలో ఎంత తన్నుకున్నా నింపలేడు. ఈ తేడా పట్టుకున్నవాడికి ఉపమ వచ్చినట్టే.

రూపకానికి సమాసమే దారి. విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసిన వాక్యం, చెప్పించు. ‘చిగురుకేలు’ అంటే చిగురు వంటి కేలు, అంటే చెయ్యి; ‘వంటి’ వచ్చింది, ఉపమ. ‘విద్యాధనం’ అంటే విద్య అనే ధనం. ‘అనే’ వచ్చింది, రెండూ ఒకటే అన్నాం, రూపకం. సమాసం లేని చోట "మా మామ్మ జీడిపిక్క" లాంటి వాక్యమివ్వు. పైన నోరు పొక్కించే జీడిరసం, లోపల తియ్యటి పప్పు. ఎందుకన్నాడో వివరించమంటే తరగతి మొత్తం లేచి చెబుతుంది.

ఉత్ప్రేక్షలో చిక్కు ‘ఏమో’, ‘కాబోలు’లతో వస్తుంది. "రేపు వాన పడుతుందేమో" అన్నదీ ఊహే, కానీ నిజం కావచ్చు. "కళింగపట్నం సముద్రం వంశధారను చేతులు చాచి పిలుస్తోందేమో" అన్నప్పుడు అది కల్పన అని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ రెండో రకమే ఉత్ప్రేక్ష. అతిశయోక్తికి ఒక్క పీరియడ్ చాలు, మనవాళ్లకి కోతలు నేర్పక్కర్లేదు! మాటల చప్పుడుతో అందం తెచ్చే శబ్దాలంకారాలు మాత్రం కంటితో కాదు, గట్టిగా చదివించి చెవితో పట్టించు.

ఇక రాయించడం. చంద్రుడు, తామర, సింహం, ముత్యాలు: ఈ నాలుగింటినీ నెలరోజులు నిషేధించు. తెలిసిన వస్తువు ఇచ్చి, ముందు దాని గుణాలు ఐదు రాయమను, ఆ తర్వాతే పోలిక. గుణాలు రాయకుండా బొబ్బిలి వీణ అంటే అందరూ ‘మధురం’ దగ్గరే ఆగిపోతారు. దాన్ని ఒకే పనసమొద్దును తొలిచి చేస్తారని తెలిసినవాడు "వాళ్ల స్నేహం బొబ్బిలి వీణ, అతుకే లేదు" అని రాయగలడు. మీ ఊరి ఖద్దరుకి ‘తెలుపు’ ఒక్కటే రాస్తే ఊరుకోకు. పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని వాళ్ల ఇళ్లలోనే ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది, అడిగి రమ్మను.

దిద్దేటప్పుడు పది మార్కుల్లో అలంకారం పేరుకి రెండే వెయ్యి, నాలుగు గళ్లకి నాలుగు, ‘ఎందుకు’ అన్నదానికి నాలుగు. పేరు తప్పు రాసి గళ్లు సరిగ్గా నింపినవాణ్ణి వారంలో దిద్దుకోవచ్చు. పేరు రాసి గళ్లు వదిలేసినవాణ్ణి మళ్లీ జీడిపిక్క దగ్గర నుంచి మొదలుపెట్టించు.