కడుపు కుదుటపడ్డాకే కడుపు

చిరంజీవి సౌమ్యకు హనుమకొండ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలు పుట్టేదాకా నీ పేగు వాపు జబ్బు (ఐబీడీ) సూదులు, మాత్రలు ఆపేయమని మీ అత్తగారు అంటున్నారని చెప్పావు. ఆవిడను తప్పుపట్టకు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట నాతోనూ అలాగే అన్నారు. మాత్రలు వేడి చేస్తాయని నమ్మి, ఆ జబ్బుకే నేను వేసుకునే సల్ఫాసలజైన్ మాత్రల సీసాను బియ్యం డబ్బా వెనక దాచేశాను. డాక్టరుకు కూడా చెప్పలేదు. ఐదో నెలలో కాజీపేటలో సికింద్రాబాద్ రైలెక్కాను. జనగామ చేరేలోపే నాలుగుసార్లు లేచాను, నాలుగోసారి అంతా నెత్తురు. మీ అన్నయ్య నెలలు నిండకుండానే రెండు కిలోల లోపు బరువుతో పుట్టాడు. ఇప్పుడు వాణ్ణి చూస్తే ఎవరూ నమ్మరనుకో.

పేగు రగులుతున్నప్పుడు గర్భం వస్తే చాలామందికి అది తొమ్మిది నెలలూ చల్లారదు. అందుకే కనీసం మూడు నుంచి ఆరు నెలలు జబ్బు నెమ్మదిగా ఉన్నాకే ప్రయత్నించమంటారు. బాగానే ఉన్నానని నీకు అనిపిస్తే చాలదు, మల పరీక్షలో పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్ ఎంతుందో చూపించుకో.

ఈ జబ్బుకు వాడే మందుల్లో మెసలమిన్, అజాథయోప్రిన్, నువ్వు ఎనిమిది వారాలకొకసారి ఎక్కించుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ సాధారణంగా కొనసాగిస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రం పిండానికి చేటు, కనీసం మూడు నెలల ముందే మానాలి. దాన్ని కూడా నీ అంతట నువ్వు మానేయకు, డాక్టరు వేరే మందు చూస్తారు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టు. నడుము నొప్పికి మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనకు, వాటిలో కొన్ని పేగును మళ్లీ రేపవచ్చు. తిండి సంగతి నీకే తెలుసు. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు పడకపోతే గుడ్డు తిను, పాలకు బదులు పెరుగు తిని చూడు.

కాన్పు మామూలుగానే కావచ్చు. మలద్వారం దగ్గర పుండ్లు, చీము ఉంటేనే ఆపరేషన్ మేలంటారు. చనుపాలు ఇవ్వడానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అడ్డు కాదు. జబ్బు బిడ్డకూ వస్తుందేమోనని రాత్రిళ్లు ఏడుస్తున్నావట. తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉంటే నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు రాదు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ చివరి మూడు నెలల్లో మాయ దాటి బిడ్డ రక్తంలోకి ఎక్కువగా వెళ్తుంది, పుట్టాక కొన్ని నెలలు అక్కడే ఉంటుంది. మన దగ్గర బిడ్డ పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తారు. అందులో ఉండేది బతికున్న సూక్ష్మజీవి, ఈ బిడ్డకు అది ప్రమాదం కావచ్చు. సాధారణంగా కనీసం ఆరు నెలలు నిండేదాకా, కొందరు ఏడాదిదాకా ఆగమంటారు. పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు కూడా జీవ టీకాలే, వాటి గురించి పిల్లల డాక్టరును ముందే అడుగు. మిగతా టీకాలు వేళకు వేయించు. పురిటి గదిలో నువ్వు మాట్లాడే స్థితిలో ఉండవు. అందుకే తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలో ఎర్ర సిరాతో 'ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న తల్లి, అడగకుండా బీసీజీ వేయవద్దు' అని రాసిపెట్టు. మీ ఆయన చేత ఆ మాట రెండుసార్లు చదివించు.

ఈసారి సూదికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లు. ఆవిడ అడగాలనుకున్నవన్నీ డాక్టరునే అడగనీ. కాల్‌ప్రొటెక్టిన్ రిపోర్టు రాగానే నాకు పంపు.

మీ పెద్దమ్మ