డాక్టర్ సలహా: బెల్లం, చోడిపిండి (రాగిపిండి)తో ఇంట్లో చేసిన కేకు షుగర్ అంచున ఉన్నవారు తినవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. ఇటీవల చేయించుకున్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే పరీక్ష) 6.2, పరగడుపు షుగర్ 114 వచ్చాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ప్రతి ఆదివారం కుక్కర్‌లో కేకు చేస్తోంది. నా కోసం మైదా మానేసి గోధుమపిండి, చోడిపిండి, పంచదారకు బదులు బెల్లం వేస్తోంది. కేకు ఉన్నన్ని రోజులూ సాయంత్రం టీతో రెండు ముక్కలు తింటున్నాను. ఇది మంచిదేనా, పూర్తిగా మానేయాలా? మా వారికి బీపీ ఉంది. ఆయన తినవచ్చా?

జవాబు: అమ్మా, మీకు ఇంకా మధుమేహం రాలేదు గానీ దాని గడప దాకా వచ్చారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు, పరగడుపు షుగర్ 100 నుంచి 125 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. ఇక్కడి నుంచి వెనక్కి రావడం సాధ్యమే. కేకు పూర్తిగా మానేయనక్కరలేదు. బెల్లమే కదా, ఎంత తిన్నా ఫరవాలేదన్న నమ్మకాన్ని మాత్రం ఈరోజే వదులుకోండి.

బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్న మాట నిజమే అయినా, అందులో అత్యధిక భాగం పంచదారలో ఉండే సుక్రోజే కనుక, అనకాపల్లి దిమ్మ అయినా తాటిబెల్లమైనా రక్తంలో గ్లూకోజ్‌ను పెంచక మానదు. లెక్క చూడండి. కేకుకు 200 గ్రాముల బెల్లం వేసి ఎనిమిది ముక్కలుగా కోస్తే ముక్కకు 25 గ్రాములు, మీరు తినే రెండు ముక్కలకు 50 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినే వ్యక్తికి పైనుంచి కలిపే చక్కెరలన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపే ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మీ వయసు స్త్రీలు చాలామందికి 2,000 కేలరీలు కూడా అవసరం ఉండదు. అంటే ఆ రెండు ముక్కలతోనే మీ రోజు కోటా అయిపోతోంది. టీలో వేసుకునే పంచదార దానికి అదనం.

చోళ్ల సంగతి వేరు. మన ఉత్తరాంధ్రలో తరతరాలుగా అంబలిగా తాగిన ధాన్యం అది. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, మైదాలో కంటే ఎన్నో రెట్ల పీచు ఉంటాయి. అయితే మెత్తగా మర ఆడించి, సన్న జల్లెడ పట్టి, బెల్లం కలిపి కాల్చిన చోడిపిండి, మజ్జిగ కలిపిన అంబలిలా పనిచేస్తుందని అనుకోకూడదు. జల్లెడలో మిగిలే తవుడును పారేయకుండా తిరిగి పిండిలోనే కలిపేయమని మీ అమ్మాయికి చెప్పండి. పీచు ఉండేది అందులోనే.

మీ ఇంట్లో ఉన్న గొప్ప వెసులుబాటు ఏమిటంటే, కొలత గ్లాసు మీ అమ్మాయి చేతిలోనే ఉంది. దుకాణంలో కొన్న కేకులో ఎంత చక్కెర, ఏ కొవ్వు పడిందో మనకు తెలియదు. ఇంట్లో చేసే కేకులో ప్రతి చెంచా తెలుస్తుంది. బెల్లాన్ని 200 గ్రాముల నుంచి 130కి తగ్గించమనండి. ఒకటి రెండు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. అదే కేకును పదహారు ముక్కలుగా కోస్తే ముక్కకు సుమారు 8 గ్రాముల బెల్లమే వస్తుంది. డాల్డా వద్దు, మామూలు వంటనూనె చాలు. పైన క్రీము, చాక్లెట్ బదులు నాలుగు జీడిపప్పులు చాలు. ఇలా చేసిన చిన్న ముక్క ఒకటి, వారానికి రెండు రోజులు, మధ్యాహ్న భోజనంలో అన్నం కొంత తగ్గించి, దాని వెంటనే తినండి. సాయంత్రం ఖాళీ కడుపుతో, తీపి టీతో కలిపి తినవద్దు.

ఆ అమ్మాయి శ్రద్ధను చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. తల్లి కోసం పిండి మార్చిన పిల్ల కొలత కూడా మార్చగలదు, కేకు చేయడం మాత్రం మాన్పించకండి.

తిండితో పాటు వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల చురుకైన నడక తప్పనిసరి. మధుమేహపు అంచున ఉన్న మన దేశీయులపైనే జరిగి, 2006లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో, మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్లకు 55 శాతం మంది మధుమేహం బారిన పడగా, ఆహారం, వ్యాయామం మార్చుకున్న వారిలో అది 39.3 శాతానికి తగ్గింది.

ఇక మీ వారి విషయం. ఒక టీస్పూను వంటసోడాలో బీపీని పెంచే సోడియం సుమారు 1,200 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దలకు రోజు పరిమితి 2,000. కేకు మొత్తానికి అర టీస్పూను మించకుండా వేస్తే, ఆయన కూడా ఒక చిన్న ముక్క తినవచ్చు. కుక్కర్ అడుగున పోసే ఉప్పు కేకులోకి రాదు, దాని గురించి భయం అక్కరలేదు. పచ్చళ్లు, అప్పడాల మీద మాత్రం అంతకంటే ఎక్కువ దృష్టి పెట్టండి.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి. ఈ పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరను, వాటి ఆయువు సుమారు 120 రోజులు కాబట్టి అంతకుముందే చేయిస్తే మార్పు సరిగా తెలియదు. ఈలోగా అతిదాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆగకుండా దగ్గరలోని వైద్యులకు చూపించుకోండి.