ఇన్లే సరస్సు చుట్టూ సైకిల్ టూర్: గైడ్ అవసరమా?

బర్మాలో ఇన్లే సరస్సు చుట్టూ పల్లెలు, సంతలు చూపించే సైకిల్ టూర్‌కి డబ్బు పెట్టాలా, లేక సైకిల్ అద్దెకు తీసుకుని సొంతంగా తిరిగితే చాలా అని అడిగారు. కోవిడ్‌కి ముందు వెళ్లినప్పుడు నేను రెండు రకాలుగానూ తిరిగాను. గైడ్‌ని పెట్టుకోమనే చెప్తాను. దారి కోసమే అయితే అక్కర్లేదు. న్యాంగ్‌శ్వే ఊళ్లో బస చేస్తే సరస్సుకి పడమర ఒక రోడ్డు, తూర్పున ఒక రోడ్డు. రెండూ చాలావరకు చదునే, తప్పిపోయే భయం లేదు. కానీ సంతలో గైడ్ పక్కన లేకపోతే కళ్ల ముందు జరిగేది సగం కూడా అర్థం కాదు.

అక్కడి సంత ఒక్కో ఊరికి ఐదు రోజులకోసారి వస్తుంది. ఇవాళ ఒక ఊళ్లో జరిగితే రేపు ఇంకో ఊళ్లో. పౌర్ణమికి, అమావాస్యకి మామూలుగా ఉండదు. అందుకే టూర్ తేదీ ముందే ఖాయం చేసుకోకండి. ఏ రోజు ఏ ఊళ్లో సంతో హోటల్‌లో అడిగి, దాన్నిబట్టి బుక్ చేసుకోండి. పొద్దున్నే బయల్దేరాలి. తొమ్మిది దాటితే మంచి సరుకు అయిపోతుంది, ఎండెక్కేసరికి జనం సర్దుకుంటారు.

మేం వెళ్లింది తూర్పు ఒడ్డున మైంగ్‌థౌక్ సంతకి. కొండల మీంచి పాఓ తెగ ఆడవాళ్లు దిగుతారు. ఒంటి మీద నల్ల బట్టలు, తలకి నారింజ రంగు గళ్ల తువ్వాలు. వాళ్ల దగ్గర అల్లం, వెల్లుల్లి, చుట్టలు చుట్టే ఆకు ఉంటాయి. సరస్సు మీద ఉండే ఇంతా అనే తెగ జనం పడవల్లో చేపలు, నీళ్ల మీద తేలే తోటల్లో పండించిన టమాటాలు తెస్తారు. కొండ సరుకు, నీటి సరుకు అక్కడ చేతులు మారతాయి. ఒక ముసలావిడ వెల్లుల్లి తూచడానికి తక్కెడలో తూకం రాళ్ల బదులు టార్చిలైట్ బ్యాటరీలు వేస్తోంది. చిన్న తూకాలకి అక్కడ ఇది మామూలేనని, పెద్ద బేరమైతే వీశెల లెక్కన సాగుతుందని గైడ్ చెప్పింది. వాళ్ల వీశె కిలోన్నర పైచిలుకు. గైడ్ ఆ ముసలావిడ పక్కన గొంతుకూర్చుని కబుర్లు పెట్టింది. మాక్కూడా టీ పోశారు. ఒక్కడినే వెళ్లిన రోజు నాకు ఫోటోలు తప్ప ఇంకేం దొరకలేదు.

పడమర ఒడ్డున ఖౌంగ్‌దైంగ్‌లో ఆగడం మర్చిపోవద్దు. అక్కడి ఇళ్లలో షాన్ టోఫు (ఈ ప్రాంతపు షాన్ జనం తినే టోఫు) చేస్తారు. సోయాతో కాదు, శెనగల జాతి పప్పుతో. నానబెట్టి, రుబ్బి, వడగట్టి, అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తారు. చల్లారాక జున్ను ముక్కలా గట్టిపడుతుంది. నూనెలో వేయించి వేడివేడిగా ఇస్తే మన నాలుకకి కొత్తగా అనిపించదు. పల్చగా కోసి ఎండబెట్టినవి వడియాల్లా వేయించుకోవడానికి పనికొస్తాయి, ఇంటికీ తెచ్చుకోవచ్చు. అక్కణ్ణుంచి సైకిళ్లు పడవలో వేసుకుని సరస్సు దాటి మైంగ్‌థౌక్ చేరుకుని, తూర్పు రోడ్డు మీద వెనక్కి రావచ్చు. మొత్తం తొక్కేది 30 కిలోమీటర్ల లోపే. అలవాటు లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు.

శాకాహారులైతే పులియబెట్టిన చేపల ముద్ద, ఫిష్ సాస్ వేయొద్దని గైడ్ చేత బర్మీస్‌లో కాగితం మీద రాయించుకోండి. కూరగాయల వంటకంలోనూ అవి కలుస్తాయి. పగోడాల్లోకి వెళ్లేటప్పుడు సాక్సులు కూడా విప్పాలి కాబట్టి సైకిల్ మీద చెప్పులే సుఖం. టూరిజం శాఖ ఇచ్చిన లైసెన్స్ గైడ్ దగ్గర ఉందో లేదో చూడండి. సైకిల్ బ్రేకులు, సీటు ఎత్తు బయల్దేరకముందే సరిచేయించుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, కానీ తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది.

మన శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాల్లో రంగం (రంగూన్, అంటే ఇప్పటి యాంగోన్) వెళ్లొచ్చిన తాతలు చాలామందే. మీ ఇంట్లోనూ ఉంటే ఆ జాడల కోసం ఇన్లే రాకండి. యాంగోన్, మోలమైన్ వైపు వెతకాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. నేను చెప్పినదంతా 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కోకముందు సంగతి. ఆ తర్వాత ఇన్లే ఉన్న షాన్ రాష్ట్రంలో చాలాచోట్ల పోరాటాలు జరిగాయి. 2025 మార్చి 28 భూకంపానికి ఇన్లే సరస్సు మీది ఊళ్లలో ఇళ్లు కూలిపోయాయి. టికెట్ కొనేముందు యాంగోన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలు చదవండి, న్యాంగ్‌శ్వే హోటల్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి. వాళ్లు వద్దంటే ఈ ఏడాదికి ఆగండి. రమ్మంటే మాత్రం అక్కడి గైడ్‌నే పెట్టుకోండి, ఆ డబ్బు నేరుగా ఆ ఊరివాళ్లకే చేరుతుంది.